మొదటి పేజీ అడిగి రాద్దాం

(సొసైటీ వార్షిక సభలో వృద్ధుల సంరక్షణ గృహం కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సమయానికి మేము జమాఖర్చులు చదివేవాళ్లం. ఈసారి లెక్కలు కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు కాబట్టి, మాకిచ్చిన కాస్త సమయంలో ఒక చిన్న సంగతి మాట్లాడదలచుకున్నాం. గృహంలో చేరిన ప్రతి ఒక్కరికీ మేము ఒక అసెస్‌మెంట్ ఫారం నింపుతాం. అందులో మొదటి పేజీ గురించే ఈ మాటలు. పేరు, వయసు, ఆడా మగా, భాష, చదువు, పెళ్లి, మతం, ఊరు, దగ్గరివాళ్లు, ఇవే ఆ పేజీలో ఉండే గడులు.

చాలాకాలం ఆ పేజీని మేము గుమాస్తా పని అనుకున్నాం. ఆధార్ జిరాక్స్ పక్కన పెట్టుకుంటే పది నిమిషాల్లో అయిపోయేది. అసలు సంరక్షణ రెండో పేజీ నుంచి మొదలవుతుందని మా నమ్మకం. నడవగలరా, సొంతంగా స్నానం చేయగలరా, బాత్రూమ్‌కు వెళ్లగలరా, మింగడం కష్టంగా ఉందా, జ్ఞాపకం ఎలా ఉంది అన్నవి అక్కడుంటాయి. మొదటి పేజీ తప్పయితే మిగతా పేజీలు కూడా తప్పుతాయని మేము రెండు పొరపాట్లు చేశాక తెలుసుకున్నాం. ఆ రెండూ మా తప్పులే. అందుకే ముందు వాటినే చెబుతాం.

తలూపిన పెద్దమ్మ

కొన్నేళ్ల కిందట పల్నాడు వైపు నుంచి ఒక పెద్దమ్మను మన గృహానికి తీసుకొచ్చారు. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా నడక రాలేదు. తెచ్చినవాళ్లు దూరపు బంధువులు. ఆధార్ జిరాక్స్ ఇచ్చి, సంతకం పెట్టి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. కార్డు మీద పేరు చూసి మేము ఫారం నింపాం. మతం: ఇస్లాం. భాష: ఉర్దూ. పెద్దమ్మ పక్కనే మంచం మీద ఉన్నారు. ఆమెను అడగలేదు. అడగాలని మాకు తోచనే లేదు.

ఆ రోజు నుంచి అందరం ఆమెతో ఉర్దూలోనే మాట్లాడాం. "నానీమా, ఖానా ఖాయే?" అంటే తలూపేవారు. "దర్ద్ హై క్యా?" అన్నా అలాగే తలూపేవారు. నెలాఖరున డాక్టరు గారు వచ్చినప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల, ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుని మళ్లీ చెప్పండి, ఇలాంటివే ప్రశ్నలు. మాలో ఒకరం వాటిని మంచి ఉర్దూలో అడిగాం. పెద్దమ్మ దాదాపు దేనికీ జవాబు చెప్పలేకపోయారు. జ్ఞాపకం గడిలో 'బాగా తగ్గింది' అని పడింది.

ఆ ఒక్క మాటతో ఆమె పరిస్థితి మారిపోయింది. ఏం తింటారు, ఏ చీర కట్టుకుంటారు, కిటికీ తియ్యమంటారా అని అడగడం మానేశాం. చెప్పలేరు కదా అని అన్నీ మేమే నిర్ణయించాం. నొప్పి మాత్ర ఎప్పుడు ఇవ్వాలో కూడా ముఖం చూసి మేమే అంచనా వేశాం.

నెలన్నర గడిచాక రాత్రి డ్యూటీకి కొత్త ఆయా చేరింది. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. పన్నెండు దాటాక కూడా పెద్దమ్మ కళ్లు తెరిచి ఉండడం చూసి, "ఏం మామ్మా, నిద్ర పట్టట్లేదా? కాలు లాగుతోందా?" అని అడిగింది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఫజర్ అజాన్ దాకా వదల్లేదు. భర్త దూది ఏకిన రోజులు, తను కుట్టిన పెళ్లి పరుపులు, పక్కింట్లో వదిలేసి వచ్చిన మేక, రాత్రి రెండు గంటలకు తుంటిలో మొదలయ్యే నొప్పి, అన్నీ చెప్పారు. పొద్దున ఆయా వచ్చి, "ఈ మామ్మకు మతిమరుపని ఎవరు చెప్పారండీ?" అని మమ్మల్ని అడిగింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అని మేము తెలుగులో అడిగాం. "మీరంతా చదువుకున్నోళ్లు, తురకంలో మాట్లాడుతుంటిరి. ఎదురు చెబితే ఏమనుకుంటారో అని తలూపా. నాకొచ్చింది సలామూ, నమాజు సూరాలూ, అంతే గదయ్యా" అన్నారు. డాక్టరు గారు అవే ప్రశ్నలు తెలుగులో మళ్లీ వేశారు. తారీఖు ఒక్కటే తప్పింది. నెలన్నర మంచంలో ఉన్న మనిషికి తారీఖు తప్పడంలో వింతేముంది?

ఈ సభలో ఉన్నవాళ్లెవరికీ ఇది కొత్త విషయం కాదు. దూదేకుల, నూర్‌బాషా ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. కోస్తా పల్లెల్లో షేకులు, సయ్యద్‌లలో కూడా ఉర్దూ అర్థమైనా మనసు విప్పడానికి తెలుగే వచ్చేవాళ్లున్నారు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దల సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఇవన్నీ తెలిసి కూడా మతం గడి చూసి భాష గడి నింపాం. బయటివాళ్లు మన గురించి ఇలా ఊహిస్తే మనకు కష్టం కలుగుతుంది. ఆ పనే మేము మన పెద్దమ్మకు చేశాం.

ఊరు రాయని తాత

రెండోది ఇంకా బరువైన సంగతి. పట్నంలో జీవితమంతా రిక్షా తొక్కిన ఒక తాతను మన కుర్రవాళ్లు బస్టాండు దగ్గర జ్వరంతో పడి ఉండగా చూసి తీసుకొచ్చారు. ఆధార్ మీద పట్నం అడ్రసు ఉంది. ఊరు గడిలో దాన్నే ఎక్కించాం. దగ్గరివాళ్లు గడిలో 'ఎవరూ లేరు' అని రాశాం. ఆ మాట ఆయన చెప్పింది కాదు. బస్టాండులో ఒంటరిగా దొరికాడు కాబట్టి ఎవరూ లేరనుకున్నాం.

కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మస్జిదుల వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో, పేరు పంపించాం. ఎవరూ ముందుకు రాలేదు. మర్నాడు అసర్ దాకా ఎదురుచూసి, జనాజా నమాజు చేసి ఖననం చేశాం. పదకొండో రోజు ఆయన కూతురు వెతుక్కుంటూ వచ్చింది. ఊరు నలభై కిలోమీటర్ల దూరం. కార్డు మీద పేరు వేరు, ఊళ్లో అందరూ పిలిచే పేరు వేరు. మేము పంపిన పేరు ఆ ఊరి వాళ్లకు చేరినా వాళ్లు గుర్తుపట్టలేదు. "మా నాయన ఊరి పేరు మీరు ఒక్కసారైనా అడగలేదా?" అని ఆ బిడ్డ అడిగింది. తర్వాత తెలిసిందేమిటంటే, మన వంటమనిషికి ఆయన ఊరు తెలుసు. కూతురుందని కూడా తెలుసు. కూరగాయలు తరుగుతూ మాటల్లో ఎన్నోసార్లు చెప్పారట. ఫారంలో మాత్రం ఎక్కలేదు.

మస్తాన్, సైదా, నాగూర్, బాజీ, కాశిం అని మన వైపు పెట్టుకునే పేర్లు మీకు తెలిసినవే. ముందు 'షేక్' తగిలిస్తే ఒక్క మండలంలోనే ఆ పేరుతో ఎంతమంది ఉంటారో కూడా మీకు తెలుసు. తండ్రి పేరు, ఊరు, వాడుక పేరు లేకుండా కార్డు మీద పేరొక్కటే రాసుకుంటే అది మనిషిని గుర్తించడానికి చాలదు.

అమెరికాలో ఎలా రాస్తారు

ఈ రెండు సంఘటనల తర్వాత మేము ఫారం మార్చాలని కూర్చున్నాం. మా సభ్యుల్లో ఒకరి దగ్గరి బంధువు అమెరికాలో నర్సింగ్ హోంలో నర్సుగా పనిచేస్తున్నారు. అక్కడ నర్సింగ్ హోం అంటే మన దగ్గరలా చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. మంచం పట్టినవాళ్లు, ఒకరి సాయం లేకుండా గడవనివాళ్లు నెలలు, ఏళ్లు ఉండే చోటు. అక్కడి పద్ధతిని ఆమె మాకు ఓపికగా వివరించారు.

1987లో అమెరికా ప్రభుత్వం నర్సింగ్ హోంల సంస్కరణ చట్టం చేసింది. ప్రభుత్వ బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ గుర్తింపు ఉన్న ప్రతి నర్సింగ్ హోంలో, చేరిన ప్రతి మనిషికీ ఒకే రకమైన అసెస్‌మెంట్ చేయాలన్నది అందులో ఒక నియమం. ఆ ఫారాన్ని మినిమం డేటా సెట్ అంటారు. 2010 అక్టోబరు నుంచి దాని మూడో రూపం నడుస్తోంది. చేరిన 14 రోజుల్లోగా మొదటిది పూర్తి చేయాలి. తర్వాత మూడు నెలలకోసారి, ఏడాదికోసారి మళ్లీ చూడాలి. అందులో మొదటి విభాగం 'ఎ'. మనం మాట్లాడుకుంటున్న మొదటి పేజీ అదే.

ఆ విభాగంలో మాకు బాగా నచ్చినవి నాలుగు సంగతులు.

ఒకటి, ఎవరిని అడగాలన్న వరస. జాతి, వంశం వంటి ప్రశ్నలకు జవాబు ముందుగా ఆ మనిషినే అడగాలి. చెప్పలేని స్థితిలో ఉంటేనే కుటుంబసభ్యుల్ని అడగాలి. వాళ్లూ లేకపోతేనే పాత వైద్య రికార్డు చూడాలి. మేము ఈ వరసను సరిగ్గా తిరగేసి నడిపాం. ముందు కాగితం, తర్వాత తెచ్చినవాళ్లు, ఆ మనిషి చివర, అది కూడా తీరికుంటే.

రెండు, 'చెప్పలేకపోయారు' అని ఒక గడి, 'చెప్పడానికి ఇష్టపడలేదు' అని వేరే గడి ఉన్నాయి. ఇష్టపడలేదు అంటే అక్కడితో ఆగిపోవాలి. అదే ప్రశ్న కుటుంబాన్ని అడిగి, కాగితాల్లో వెతికి నింపకూడదు. చెప్పను అనే హక్కును కూడా ఆ ఫారం నమోదు చేస్తుంది.

మూడు, పుట్టిన తేదీ. సంవత్సరం ఒక్కటే తెలిస్తే దాన్నే రాసి, నెల, రోజు గడులు ఖాళీగా వదిలేయాలి. తోచిన తేదీ వేయకూడదు.

నాలుగు, భాష. మీరు ఏ భాషలో మాట్లాడటానికి ఇష్టపడతారు అని అడుగుతారు. ఆ వెంటనే, డాక్టరుతో గానీ సిబ్బందితో గానీ మాట్లాడటానికి దుబాసీ అవసరమా, కావాలని ఉందా అని అడుగుతారు. భాష అడ్డొస్తే మనిషి ఒంటరి అవుతాడని, దిగులు పడతాడని, అవసరాలు తీరకుండా పోతాయని, అసెస్‌మెంటే తప్పవుతుందని ఆ ఫారానికి ఇచ్చిన సూచనల పుస్తకం హెచ్చరిస్తుంది. ఇది విన్నప్పుడు మా అందరికీ ఆ పెద్దమ్మే గుర్తొచ్చారు.

2023 అక్టోబరు 1 నుంచి ఆ విభాగాన్ని మరింత పెంచారు. అంతకుముందు 'ఏషియన్' అని ఒక్క గడి ఉండేది. ఇప్పుడు ఏషియన్ ఇండియన్, చైనీస్, ఫిలిపినో, జపనీస్, కొరియన్, వియత్నామీస్ అని విడివిడి గడులున్నాయి. ఒకటికి మించి టిక్కు పెట్టొచ్చు. ఏ వర్గం వాళ్లకు సంరక్షణ సరిగ్గా అందడం లేదో తెలియాలంటే ముందు ఎవరెవరున్నారో సరిగ్గా రాసి ఉండాలి కదా. మన తెలుగువాళ్ల తల్లిదండ్రులు కూడా పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే వృద్ధులవుతున్నారు. వాళ్లకు 'ఏషియన్ ఇండియన్' అన్న గడి ఒక్కటీ చాలదు. భాష గడిలో 'తెలుగు' అని పడితేనే వాళ్ల మాట వినపడుతుంది. 'ఇండియన్ కదా, హిందీ వచ్చి ఉంటుంది' అని అక్కడి నర్సు అనుకోవడానికీ, 'ముస్లిం కదా, ఉర్దూ వచ్చి ఉంటుంది' అని మేము అనుకోవడానికీ తేడా ఏమీ లేదు.

అక్కడంతా బాగుందని మేము చెప్పడం లేదు. ఆ ఫారం మీద నర్సింగ్ హోంకు వచ్చే డబ్బు కూడా ఆధారపడి ఉంటుంది. గడులు నింపడం వేరు, మనిషిని చూసుకోవడం వేరు. అయినా అడిగి రాయాలన్న నియమం మంచిదే. దాన్ని తెచ్చుకోవడానికి మనకు పైసా ఖర్చు లేదు.

మేము మార్చుకున్నవి

ఇప్పుడు మన ఫారం సంగతి చెబుతాం.

పేరు గడిని మూడు చేశాం. కార్డు మీద ఉన్న పేరు ఒకటి, ఊళ్లో పిలిచే పేరు ఒకటి, ఇక్కడ మిమ్మల్ని ఏమని పిలవమంటారు అన్నది మూడోది. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు మమ్మల్ని ఆశ్చర్యపరిచాయి. ఒక రిటైర్డ్ టీచరు గారు 'మాస్టారు' అనమన్నారు. తాతా అంటే ఆయనకు నచ్చేది కాదట. ఇన్నాళ్లూ ఆయన పలకకపోతే చెవుడు అనుకున్నాం.

వయసు దగ్గర చాలా జాగ్రత్త అవసరమైంది. మన పెద్దల్లో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. మొదట్లో ఇచ్చిన ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉన్నవి మా రిజిస్టర్లో ఎన్నో ఉన్నాయి. మేము దానికి జనవరి 1 తగిలించేవాళ్లం. ఇప్పుడు తెలిసినంతే రాస్తాం. సంవత్సరం మీద కూడా అనుమానం ఉంటే పెద్ద సంఘటనల సాయంతో అడుగుతాం. 1955 డిసెంబరులో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు పునాది వేసినప్పుడు మీరు పుట్టారా? 1972–73లో జై ఆంధ్ర గొడవల నాటికి పెళ్లయిందా? 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మీ పెద్దబిడ్డ చంకలో ఉందా, బడికి పోతోందా? తెలంగాణ నుంచి వచ్చినవాళ్లనైతే 1948 పోలీసు చర్య గురించి పెద్దలు ఏం చెప్పేవారో, 1969 ఉద్యమం నాటికి తామెంతవాళ్లో అడుగుతాం. అలా వచ్చిన వయసు పక్కన 'సుమారు' అని రాస్తాం.

వయసు ఎందుకంత ముఖ్యం అని మీరు అడగొచ్చు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 ఏళ్లు నిండితేనే సీనియర్ సిటిజన్. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్య బీమా వర్తిస్తోంది. కార్డు మీద వయసు తక్కువ పడితే ఆ బీమా చేతికి రాదు. మందుల మోతాదుకు కూడా వయసు కావాలి. మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో లెక్కకట్టే సూత్రంలో రక్తపరీక్ష ఫలితంతో పాటు వయసు, ఆడా మగా అన్నవి కూడా ఉంటాయి. కార్డులో పడిన వయసుకూ, అడిగితే తేలిన వయసుకూ పదేళ్ల తేడా ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మా బాధ్యత. కార్డు సరిచేయించడం ఆ తర్వాతి పని. సొంతంగా దిద్దడం మాత్రం చేయం.

భాష గడిలో ఇప్పుడు ఇంట్లో ఏ భాష, నొప్పి చెప్పుకోవడానికి ఏ భాష, ఏ లిపి చదవగలరు అని మూడు ప్రశ్నలున్నాయి. రెండో ప్రశ్న మేము కల్పించుకున్నదే. ఉర్దూలో కుశలం చెప్పి తెలుగులో ఏడ్చేవాళ్లను చూశాక అది పెట్టాం. మూడోది చదువుకు సంబంధించినది. మన పెద్దమ్మల్లో ఖురాన్ అరబీలో తప్పులేకుండా చదివేవాళ్లున్నారు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మేము 'నిరక్షరాస్యులు' అని రాసి వేలిముద్ర వేయించుకునేవాళ్లం. అది అబద్ధం, అవమానం కూడా. ఇప్పుడు ఏది వచ్చో అది రాస్తాం. సంతకం పెట్టించాల్సిన కాగితాన్ని వాళ్ల భాషలో పైకి చదివి వినిపిస్తాం.

చదువు, భాష వివరాలు జ్ఞాపకశక్తి పరీక్షకు ఎంత ముఖ్యమో వైద్యులకు బాగా తెలుసు. ప్రపంచమంతా వాడే ఒక పరీక్షను 1975లో అమెరికాలో తయారుచేశారు. రాయడం, చదవడం, లెక్కలు దాంట్లో ఉన్నాయి. బడి ముఖం చూడని మన పల్లె పెద్దలకు అది సరిపడదని 1990లలో హిందీలో వేరే పరీక్ష రూపొందించారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణా అల్లాడి బృందం ఎడిన్‌బరో పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం గురించి మీలో కొందరు చదివి ఉంటారు. మతిమరుపు జబ్బు ఉన్న 648 మందిని పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలగలిసిన మన ఊళ్ల వల్లే ఆ అధ్యయనం సాధ్యమైంది. అక్కడ ప్రతి మనిషికీ ఏయే భాషలు వచ్చో ఎవరో ఒకరు కూర్చుని అడిగి రాశారు. మా ఫారాల్లా 'ముస్లిం, కాబట్టి ఉర్దూ' అని రాసి ఉంటే ఆ సత్యం బయటపడేదే కాదు.

పెళ్లి గడిలో ఇదివరకు 'భర్త పేరు' అని ఉండేది. భర్త వదిలేసి ముప్పై ఏళ్లయిన ఆడబిడ్డ కూడా ఆ పేరే చెప్పాల్సివచ్చేది. ఇప్పుడు పెళ్లి కాలేదు, భార్య లేదా భర్త ఉన్నారు, చనిపోయారు, విడిగా ఉంటున్నారు, తలాఖ్ లేదా ఖులా అయింది అని విడివిడిగా అడుగుతున్నాం. దాంతో ముడిపెట్టకుండా, 'మీకేదైనా అయితే మొదట ఎవరికి ఫోన్ చేయమంటారు, ఎవరికి చేయవద్దంటారు' అని వేరే ప్రశ్న పెట్టాం. ఒక అమ్మ తన కొడుకుల పేర్లు చెప్పకుండా పాలు పోసే అతని నంబరు ఇచ్చారు. అదే రాశాం. కారణం అడగలేదు.

మతం గడి గురించి మాలో చాలా చర్చ జరిగింది. మన గృహంలో హిందూ, క్రైస్తవ పెద్దలూ ఉన్నారు. అమెరికా ఫారంలో మతపరమైన ప్రార్థనల్లో పాల్గొనడం మీకెంత ముఖ్యం అని అడిగే ప్రశ్న ఉంది. మేము దాన్ని మనకు తగ్గట్టు మార్చుకున్నాం. వుజూకు సాయం కావాలా, నమాజు కుర్చీలో కూర్చుని చేస్తారా, రోజాలు ఉండాలని ఉందా, శుక్రవారం తలంటు కావాలా, దేవుడి పటం మంచం పక్కన పెట్టమంటారా, ఆదివారం చర్చికి తీసుకెళ్లమంటారా, ఏవి తినరు అని అడుగుతాం. చివరగా, మెల్లగా, తొందర లేని రోజు చూసుకుని, అంత్యక్రియలు ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా జరగాలని మీ కోరిక అని అడుగుతాం. భయపడతారేమో అనుకున్నాం. చాలామంది తేలికపడ్డారు.

సామాజిక వర్గం గడి మొదటి పేజీ నుంచి తీసేశాం. దూదేకులవారు బీసీ–బీలో, ముస్లింలలోని మరికొన్ని వర్గాలు బీసీ–ఇలో ఉన్నాయి కాబట్టి ప్రభుత్వ దరఖాస్తులకు ఆ సమాచారం కావలసి రావచ్చు. అప్పుడు, ఆ కాగితం కోసమే అడుగుతాం. అన్నం పెట్టడానికి, మందు వేయడానికి అది అక్కర్లేదు.

ప్రతి గడి పక్కన చిన్న గీత గీశాం. 'ఎవరు చెప్పారు' అని. తాము చెప్పారు, బంధువులు చెప్పారు, కాగితం చూసి రాశాం, తెలియలేదు, చెప్పను అన్నారు. ఈ అయిదింట్లో ఒకటి రాయాలి. మార్పుల్లో చిన్నది ఇదే, ఎక్కువగా ఉపయోగపడిందీ ఇదే. 'తెలియలేదు' అని ఉంటే మర్నాడు ఇంకొకరు మళ్లీ అడుగుతారు. తప్పుడు జవాబుతో నిండిన గడిని ఎవరూ మళ్లీ చూడరు.

అమానత్

ఈ వివరాలు మన దగ్గర అమానత్. అప్పు లావాదేవీని రాసిపెట్టుకోమని చెప్పే వాక్యమే ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైనది అని మన ఆలిములు చెబుతుంటారు. రూపాయికే అంత జాగ్రత్త అవసరమైతే, మనిషి నమ్మి చెప్పిన మాటకు ఎంత జాగ్రత్త ఉండాలి?

మేము ఇక్కడా తప్పు చేశాం. మన రిజిస్టరు వరండాలో బల్ల మీద ఉండేది. చూడ్డానికి వచ్చిన వాళ్లెవరైనా తిరగేసేవారు. 'ఫలానా వాళ్ల తల్లి ఇక్కడున్నారా!' అన్న మాట ఊళ్లోకి వెళ్లేది. ఒకరిద్దరు పెద్దలు ఆ సిగ్గుతో ఈద్ రోజు గదిలోంచి బయటికి రాలేదు. ఇంతకుముందు మన సంచికల్లో వాళ్ల ఫోటోలు, పేర్లు, కష్టాల కథలు వేశాం. చందాలు రావాలని వేశాం. అడిగి వేయలేదు. ఇప్పుడు రిజిస్టరు బీరువాలో ఉంది. తాళం ఇద్దరి దగ్గరే ఉంటుంది. దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా మనం చేయాల్సిన పనే ఇది. అందుకే ఈరోజు మేము చెప్పిన సంగతుల్లో ఎవరి పేరూ లేదు. దాతలు లెక్కలు అడగండి, వంటగది చూడండి, ఎప్పుడైనా వచ్చి పెద్దలతో కూర్చోండి. రిజిస్టరు మాత్రం అడగకండి.

మా విన్నపం

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు 10 కోట్లకు పైగా ఉన్నారు. ఇప్పుడు ఇంకా పెరిగారు. ప్రతి ఇంట్లో మంచం మీద ఒకరున్న రోజులు దగ్గర పడ్డాయి. మన గృహానికే కాదు, మీ ఇళ్లకూ ఈ మొదటి పేజీ అవసరం. మీ అమ్మగారి అసలు వయసు, అమ్మమ్మగారి ఊరు, నాన్నగారు ఏ మందు పడదని చెప్పేవారో ఒక కాగితం మీద రాసి ఉందా? ఈ వారం రాయండి. వాళ్లనే అడిగి రాయండి.

మన గృహానికి సంబంధించి మాకు కావలసింది డబ్బు కాదు, మనుషులు. ఒక కొత్త పెద్దవారు చేరినప్పుడు మొదటి పేజీ నింపడానికి ఇప్పుడు మాకు మూడు నాలుగు రోజులు పడుతోంది. ఒక్కో పూట కాసేపు పక్కన కూర్చుని, టీ తాగుతూ, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన కాలేజీ పిల్లలు, రిటైరైన టీచర్లు, ఇంట్లో పని అయిపోయాక గంట తీరిక దొరికే అక్కచెల్లెళ్లు వారానికి రెండు గంటలు ఇస్తే చాలు. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. ఎలా అడగాలో, ఎక్కడ ఆగాలో మేము ఒక పూట నేర్పుతాం. సభ అయ్యాక గేటు దగ్గర బల్ల వేసి ఉంటాం.

పల్నాడు పెద్దమ్మ ఇప్పుడు కర్ర సాయంతో వరండా దాకా నడుస్తున్నారు. ఈ సభకు వస్తున్నామని చెబితే, "నా సంగతి చెబుతారా?" అని అడిగారు. పేరు చెప్పకుండా చెప్పమంటారా, అసలే వద్దంటారా అన్నాం. కాసేపు ఆలోచించి, "పేరొద్దు. పరుపులు బాగా కుట్టేదని మాత్రం చెప్పండి" అన్నారు. చెప్పాం. ఫారంలో కూడా రాశాం.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, వాళ్ల మాట వినే ఓపికను మనకూ ప్రసాదించాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.